వెలుగు కింద కాటుక చుక్క

హంసలదీవి దాటిన తరువాత, ఉప్పెన వచ్చి వెళ్ళాక కట్టిన కాలనీ ఇళ్ళలో ఒకటి నాంచారమ్మది. భర్త పున్నయ్య పడవ మీద వేటకు వెళ్ళేవాడు. అతడు తెచ్చిన చేపలను ఆమె గంపకెత్తుకుని, బస్సెక్కి అవనిగడ్డలోను, ఒక్కొక్కనాడు చల్లపల్లి వరకు వచ్చి మా వీధిలోను అమ్మేది. అయినా ఆమెను సొంత ఊళ్ళో చేపల నాంచారమ్మ అనేవారు కారు. అక్కడ చేపలు అమ్మని ఆడది లేదు గనుక ఆ మాట ఎవరినీ గుర్తుపట్టడానికి పనికిరాదు. ఆమెను నీళ్ళుపోసే నాంచారమ్మ అనేవారు.

ఊళ్ళో ఎవరికి బిడ్డ పుట్టినా తెల్లవారేసరికి ఆమెకు కబురు వెళ్ళేది. ఆమె పీట వేసుకుని, కాళ్ళు బారచాపి, పసికందును ఆ కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకునేది. ఆముదం రాసి ఒళ్ళు పట్టి, సున్నిపిండితో మెల్లగా నలిచి, గోరువెచ్చని నీళ్ళు పోసేది. కళ్ళలోకి నీరు జారకుండా ఎడమచేతిని నుదుటి మీద చూరులా అడ్డుపెట్టేది. తడి తుడిచి, సాంబ్రాణి పొగ వేసి, అన్నీ అయిన తరువాత కొంగుముడి విప్పి కాటుక భరిణె తీసేది. ఆముదపు దీపం మీద రాగిపళ్ళెం బోర్లించి ఆమె స్వయంగా పట్టిన కాటుక అది.

చుక్క ఎక్కడ పెట్టాలన్న విషయంలో ఆమెకొక పద్ధతి ఉండేది. పరాయి చూపు ఎక్కడ నిలిస్తే చుక్క అక్కడ పడాలి. చూడవచ్చినవాళ్ళు బుగ్గలు చూసి మురిస్తే బుగ్గ మీద పెట్టేది. పాదాలు చూసి మురిస్తే అరికాలిలో పెట్టేది. ఎవరో బొద్దుగా ఉన్నాడన్నారని ఒక పిల్లవాడికి బొడ్డు పక్కన పెట్టిందని అక్కడివాళ్ళు నవ్వుకునేవారు. నవ్వినవాళ్ళు కూడా తమ బిడ్డకు ఆ చుక్క లేనిదే వాకిలి దాటించేవారు కారు.

ఇంత చేసినా బారసాలనాడు ఆమె గోడవారగా నిలుచునేది. నీళ్ళు పోయడానికి పిలిచినవారు ఉయ్యాలలో బిడ్డను వేయడానికి పిలిచేవారు కారు. పెళ్ళై ఏళ్ళు గడిచినా ఆమె కడుపు పండలేదు. ఆ సంగతి ఎవరూ మొహం మీద అనేవారు కారు గాని, ఉయ్యాల దగ్గర బిడ్డను అందుకునే వేళకు ఎవరో ఒక ముసలామె, “నువ్వు ఆ పళ్ళెం అందుకో, నాంచారీ” అనేది. ఆమె పళ్ళెం అందుకునేది. ఆ రోజుల్లో చేపలు తూచుకుంటూ ఒకసారి మా గుమ్మంలో ఆమె అన్న మాట నాకు బాగా జ్ఞాపకం. “నా కాళ్ళ మీద పడుకోని బిడ్డ మా ఊళ్ళో లేదమ్మగారూ. పడుకున్నోళ్ళంతా లేచి వాళ్ళమ్మల దగ్గరికి ఎల్లిపోతారు.” అని, పైకం కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది.

నలభై దగ్గరపడిన వయసులో, రెండువేల ఐదులో, ఆమెకు నెల తప్పింది. మొదట ఆమె నమ్మలేదు. తరువాత ఎవరికీ చెప్పలేదు. పొట్ట దాచలేని స్థితి వచ్చాక ఊరంతటికీ తెలిసిపోయింది. పున్నయ్య మితభాషి. అటువంటివాడు రేవులో నలుగురి ముందు, “ఇన్నాళ్ళూ ఊళ్ళో పిల్లలందర్నీ రుద్ది రుద్ది అరగదీసింది, ఇప్పుడు నా పిల్లని అరగదీసుద్ది” అని పెద్దగా నవ్వాడట. గంప మోయవద్దని అందరూ చెప్పారు. గంప మానింది గాని బస్సు మానలేదు. పరీక్షకు అవనిగడ్డ వెళ్తున్న ఒకనాడు, ఏడో నెల నిండకుండానే, కోడూరు దాటిన తరువాత బస్సులోనే నొప్పులు వచ్చాయి.

బిడ్డ అవనిగడ్డలో పుట్టింది. ఆడపిల్ల. పున్నయ్య దోసిట్లో పడుకోబెడితే ఇంకా చోటు మిగిలేటంత పిల్ల. అక్కడి డాక్టరు ఆలస్యం చేయకుండా బిడ్డను మచిలీపట్నంలోని పిల్లల ఆసుపత్రికి పంపించాడు. నాంచారమ్మ కదలడానికి వీలులేక అవనిగడ్డలోనే ఉండిపోయింది. బిడ్డను తెల్లటి గుడ్డలో చుట్టి బండి ఎక్కిస్తుంటే, ఆ గుడ్డ అంచును మాత్రమే ఆమె చూసింది.

నాంచారమ్మ కాస్త కోలుకుని తానూ మచిలీపట్నం చేరుకున్న తరువాత జరిగిన సంగతులు కొన్ని ఆమె చెప్పినవి, కొన్ని విజయకుమారి చెప్పినవి. విజయకుమారి గుడివాడ పిల్ల. నేను అక్కడ పనిచేసిన కాలంలో నా తరగతిలో చదువుకుని, నర్సై, ఆ ఆసుపత్రిలో నెల తక్కువ పిల్లల గదిలో ఉద్యోగం చేసేది. నోరు కాస్త పెద్దది, మనసు మంచిది.

ఆ గదిలో బిడ్డలు గాజుపెట్టెలలో ఉండేవారు. తల్లులు తలుపుకున్న అద్దంలో నుంచి చూసేవారు. రోజుకొకసారి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, లోపలికి వెళ్ళి పెట్టెకున్న గుండ్రటి కిటికీలో నుంచి ఒక వేలితో బిడ్డను తాకవచ్చు. నాంచారమ్మ మొదటిరోజు కడిగిన చేతులనే మళ్ళీ మళ్ళీ కడుగుతూ ఉండిపోయింది. చేపల వాసన పోలేదేమోనని ఆమె భయం. విజయకుమారి విసుగుతో, “ఊళ్ళో పిల్లలందరికీ నీళ్ళు పోసినదానివట, నీ చేతులకు నువ్వు పోసుకోవడానికి ఇంతసేపా?” అంది. చేతులు వాసన చూడమని నాంచారమ్మ ముందుకు చాపింది. విజయకుమారి నిజంగానే చూసి, సబ్బు వాసన తప్ప ఏమీ లేదని చెప్పిన తరువాతగాని ఆమె లోపలికి అడుగు పెట్టలేదు.

బిడ్డ వెల్లకిలా పడుకుని ఉంది. చర్మం ఉల్లిపొరలా పలచగా, ఎర్రగా ఉంది. పొట్ట మీద, కుడివైపు పక్కటెముకల కింద, మెత్తని పట్టీతో బిగించిన చిన్న బిళ్ళ ఒకటి ఉంది. ఆ బిళ్ళ నుంచి సన్నని తీగ ఒక యంత్రం వరకు వెళ్ళింది. బిళ్ళ అంచున కుంకుమరంగు వెలుగు మసగ్గా కనబడుతోంది.

ఆ యంత్రం ఆ ఆసుపత్రికి కొత్త. అక్కడి పిల్లల డాక్టరు శేషగిరిరావుగారు తాను మద్రాసులో చదివిన రోజుల గురువును అడిగి, కొంతకాలం వాడి చూసేందుకు తెప్పించుకున్నారు. నెలలు నిండని బిడ్డకు ప్రాణవాయువు చాలకపోతే శరీరం ఉన్న కొద్దిపాటిని గుండెకు, మెదడుకు దాచిపెట్టుకుని, కాలేయానికి, పేగులకు తగ్గించివేస్తుంది. కాలికి తగిలించే మామూలు యంత్రంలో అంతా సవ్యంగానే కనబడుతుంది; లోపల కాలేయం అలమటిస్తూ ఉంటుంది. అటువంటి వేళ పాలు పడితే పేగులు తట్టుకోలేవు. ఈ సంగతి తెలుసుకోవడానికి పూర్వం సూది గుచ్చి రక్తం తీయవలసి వచ్చేది. చెంచాడు రక్తం తీస్తే అంతటి బిడ్డకు అదే నష్టం. ఈ బిళ్ళ సూది లేకుండా, చర్మం మీద నుంచే వెలుగును లోపలికి పంపి, కాలేయపు రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉన్నదో అంకెగా చూపుతుంది. ఆ అంకె నిలకడగా ఉంటే పాలు చుక్కచుక్కగా పెంచవచ్చు. ఆ తరువాత బిడ్డను తల్లి రొమ్ము మీద, ఒంటికి ఒళ్ళు తగిలేటట్టు పడుకోబెట్టవచ్చు.

ఇంత వివరంగా నాంచారమ్మకు ఆనాడు ఎవరూ చెప్పలేదు. అది ఏమిటని ఆమె అడిగితే విజయకుమారి పని తొందరలో, అది బిడ్డ కార్జాన్ని చూస్తుందని, అంకె బాగుంటే బిడ్డను చేతికిస్తారని మాత్రం చెప్పింది.

“ఎంతసేపు చూసుద్ది?”

“రాత్రీ పగలూ చూస్తూనే ఉంటుంది. రెప్ప కూడా వేయదు.”

నాంచారమ్మ గుండ్రటి కిటికీలో నుంచి చేయి పెట్టింది. వేలితో బిడ్డ అరికాలు తాకింది. బిడ్డ కాలు ముడుచుకుంది.

పగలంతా ఆమె ఆసుపత్రి వరండాలో కూర్చునేది. లోపల ఏ బిడ్డ ఏడ్చినా ఆమె రవిక తడిసేది. తన బిడ్డకు ఏడ్చే ఓపిక లేదని తెలిసినా శరీరం ఆ మాట వినేది కాదు. పాలను స్టీలు గిన్నెలోకి పిండి అద్దం దగ్గర ఇచ్చేది. అందులో నుంచి కొన్ని చుక్కలు సన్నని గొట్టం ద్వారా బిడ్డ కడుపులోకి వెళ్ళేవి. మిగిలినవి ఏమయ్యాయని ఆమె అడిగేది కాదు. మధ్యాహ్నం నిద్రలో ఆమె చేతులు వాటంతట అవే ఏదో నలుస్తున్నట్టు కదులుతుండేవని పక్కన కూర్చున్న తల్లులు చెప్పుకునేవారు. పున్నయ్య వేట లేని రోజున వచ్చి, ఇంత అన్నం తినిపించి, “మన పిల్ల ఎట్టా ఉంది?” అని అడిగేవాడు. ఆమె దగ్గర ఒకటే జవాబు ఉండేది. “ఎర్రగా ఉంది.”

కొద్దిరోజులకు అంకె నిలకడపడింది. మర్నాడు బిడ్డను తల్లి రొమ్ము మీద వేద్దామని డాక్టరుగారు అన్నారు. ఆ మాట విన్న సాయంత్రం నాంచారమ్మ చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళేసరికి, విజయకుమారి పట్టీ వదులుచేసి బిళ్ళను పక్కకు తీసి ఉంచింది. ఒకేచోట ఉంటే లేత చర్మం కందుతుందని అప్పుడప్పుడు అలా తీసి, తిరిగి పెట్టేవారు. అవతలి పెట్టెలో ఏదో మోగడంతో విజయకుమారి అటు పరుగెత్తింది. బిడ్డ పొట్ట మీద, బిళ్ళ ఉండిన చోట, గుండ్రటి అచ్చు మాత్రం కనబడింది.

ఇన్నాళ్ళూ ఒకే చూపు నిలిచిన చోటు అది. రెప్ప వేయని చూపు. రేపు బిడ్డ చేతికి వస్తుందనగా ఈరోజు ఆ చోటును ఊరికే వదిలివేయడం ఆమెకు చేతకాలేదు. కొంగుముడి విప్పి, భరిణెలో వేలు అద్ది, ఆ అచ్చు నడుమ చుక్క పెట్టింది. విజయకుమారి తిరిగివచ్చి, ఆ మూల దీపం మసకగా ఉండడం వల్ల చుక్కను గమనించకుండానే, దాని మీద బిళ్ళను ఉంచి పట్టీ బిగించింది. నాంచారమ్మ ఆనాడు వరండాలో కడుపునిండా అన్నం తిన్నది.

తెల్లవారేసరికి అంకె పడిపోయింది. కాసేపు ఇంకా కిందికి, కాసేపు కొంచెం పైకి ఊగింది గాని, మునుపటి చోటుకు రాలేదు. కాలి యంత్రం బాగానే ఉందని చూపింది. ఏ అపాయం కోసం ఆ యంత్రాన్ని తెప్పించుకున్నారో, అదే ముంచుకొచ్చిందని శేషగిరిరావుగారు అనుకున్నారు. అనుకోవడంలో తప్పులేదు. పాలు ఆపించారు. పొట్ట కొంచెం ఉబ్బినట్టు కూడా ఆయనకు తోచింది. ఇంకొంత సేపు చూసి, అప్పటికీ అంకె లేవకపోతే, పేగులకు ఆపరేషను చేయగల విజయవాడ ఆసుపత్రికి పంపించాలని నిర్ణయించారు. అంతటి బిడ్డకు అంతదూరపు ప్రయాణం ఎంత ప్రమాదమో ఆయనే పున్నయ్యకు చెప్పారు. పున్నయ్య తలపాగా విప్పి చేతిలో పట్టుకుని విన్నాడు.

ఆ ఉదయం నాంచారమ్మ తెచ్చిన గిన్నెను అద్దం దగ్గర ఎవరూ అందుకోలేదు. బిడ్డను చేతికివ్వవలసిన రోజు అది. ఆమె గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. విజయకుమారి బయటికి వచ్చి ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి, మొదటిసారిగా యంత్రం సంగతి నిదానంగా చెప్పింది. మందుల గదిలోని టార్చి తెచ్చి, నాంచారమ్మ అరచేతి కింద పెట్టి వెలిగించింది. వేళ్ళ సందులు దానిమ్మ గింజల్లా ఎర్రగా వెలిగాయి. వెలుగు ఇలాగే ఒంట్లోకి వెళ్తుందని, నెత్తురు రంగును బట్టి కొంత లోపల ఆగిపోయి కొంత వెనక్కి వస్తుందని, వెనక్కి వచ్చినదాన్ని బట్టే అంకె పడుతుందని చెప్పింది. అది చూపు కాదని, వెలుగేనని చెప్పింది.

నాంచారమ్మ తన ఎర్రని చేతివంకే చూస్తూ అడిగింది.

“ఎనక్కి రాకుండా ఏదన్నా అడ్డం పడితేనో?”

“అడ్డమేం పడుతుంది? పడితే అంకె తప్పు చూపిస్తుంది.”

నాంచారమ్మ టార్చి మీద నుంచి చేయి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ కొద్దిసేపు తన మనసులో ఏం జరిగిందో తరువాత ఎప్పుడో ఆమె నాకు చెప్పింది. చెబితే ఇక జన్మలో ఆ గది గడప తొక్కనివ్వరని ఆమెకు తెలుసు. ఇతర తల్లులను చిన్న పొరపాటుకే బయటికి పంపడం ఆమె చూసింది. ఆ ఒక్క వేలి స్పర్శ కూడా పోతుంది. చెప్పకపోతే, బిళ్ళను మళ్ళీ ఎప్పుడో జరిపేవేళకు వాళ్ళే చూసుకుంటారు, నా పేరు రాదు, అని కూడా ఆమెకు తోచింది. అంతలో ఆవరణలోకి ఆంబులెన్సు వచ్చి ఆగింది. డ్రైవరు దిగి వెనుక తలుపు తెరిచాడు.

“సిస్టరమ్మా,” అంది నాంచారమ్మ. “ఆ బిళ్ళ కింద నేను కాటుక పెట్టా.”

విజయకుమారికి మొదట అర్థం కాలేదు. అర్థమైన తరువాత తిట్టడానికి కూడా ఆగకుండా లోపలికి పరుగెత్తింది. పట్టీ విప్పితే, కాటుక ఒంటి వెచ్చదనానికి కరిగి, బిళ్ళ అంతటా పలచగా పాకి ఉంది. డాక్టరుగారు స్వయంగా గోరువెచ్చని నీటిలో దూది ముంచి, చర్మం గీరుకోకుండా తుడిచారు. బిళ్ళ కొత్తది పెట్టించారు. అంకె లేచింది. మునుపటి చోటుకు పూర్తిగా రాలేదు, కాని దాని దరిదాపుకు వచ్చి నిలిచింది. ఆయన చాలాసేపు యంత్రాన్ని, బిడ్డ పొట్టను మార్చి మార్చి చూసి, ఆంబులెన్సును వెనక్కి పంపమన్నారు. పాలు మాత్రం ఆనాడు మొదలుపెట్టలేదు. తగ్గిన ఆ కాస్త అంకె కాటుక వల్లనో, నిజమైన లోపం వల్లనో తేలనిదే తాను నమ్మలేనన్నారు.

వరండాలోకి వచ్చి ఆయన నాంచారమ్మ ఎదుట నిలబడ్డారు. ఆమె లేవబోతే వద్దన్నారు.

“ఎవరి చేతి నుంచైనా ఆ పిల్లకు ఏ చిన్న చీడ అంటినా తట్టుకోదమ్మా. నువ్వు చేసింది అందుకు తప్పు. అంకె మాట తరువాత.”

ఆమె తల ఊపింది.

“చెప్పి మంచిపని చేశావు. ఇకమీద బిడ్డకు ఏం చేయాలనిపించినా ముందు మమ్మల్ని అడుగు. మేం ఏం చేస్తున్నామో మేమూ ముందుగానే చెబుతాం. విజయకుమారీ, విన్నావా?”

విజయకుమారి విన్నాను సార్ అంది. తాను ఆ యంత్రాన్ని రెప్పవేయని చూపుగా వర్ణించిన సంగతి అప్పుడు ఆమెకు గుర్తుకొచ్చిందో లేదో తెలియదు. నాతో చెప్పినప్పుడు మాత్రం ఆ మాట దగ్గర కాసేపు ఆగింది.

నాంచారమ్మ భయపడినదే జరిగింది. ఆ గది పెద్దనర్సు నియమం విషయంలో పట్టుదల గల మనిషి. అంటు ఏదీ లేదని తేలేవరకు తల్లి అద్దం ఇవతలే ఉండాలని చెప్పింది. డాక్టరుగారు ఆ మాట కాదనలేదు. కాటుక భరిణెను నాంచారమ్మ తానే పున్నయ్య చేతికిచ్చి ఇంటికి పంపేసింది. అతడు దాన్ని పైపంచెలో చుట్టుకుంటూ, “నన్నడిగినా నేనూ పెట్టమనే చెప్పేవోణ్ణిలే” అని, ఆమె ముఖం చూడకుండా బస్సు కోసం వెళ్ళిపోయాడు.

ఆ రోజులు ఆమెకు నిజమైన కరువు రోజులు. తలుపు అద్దం ఎత్తులో ఉండడం వల్ల ఆమె మునివేళ్ళ మీద నిలబడి చూసేది. అక్కడ నుంచి పెట్టె గాజు, దానిమీద పడిన దీపపు మెరుపు కనబడేవి. బిడ్డ కనబడేది కాదు. మెరుపు వెనుక ఏదో కదిలితే అది బిడ్డే అయి ఉంటుందని అనుకునేది. ఇతర తల్లులు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి, రొమ్ము మీద బిడ్డలతో వాలుకుర్చీలలో వాలుతుంటే పక్కకు తొలగి వారికి దారి ఇచ్చేది. ఒక చిన్నవయసు తల్లి బిడ్డను పట్టుకోవడానికి జంకుతుంటే, మెడకింద చేయి ఎలా పెట్టాలో బయట వరండాలో తన కొంగును ఉండచుట్టి చూపించింది. ఆ ఉండను తరువాత కూడా కొంతసేపు ఒళ్ళో అలాగే ఉంచుకుంది. పాలు పిండడం మాత్రం మానలేదు. పారబోయవలసి వచ్చినా, ఇంకిపోతే రేపు బిడ్డకు ఏమిచ్చేదని, వేళ తప్పకుండా పిండింది.

విజయకుమారి వచ్చిపోయేటప్పుడల్లా అంకె ఎంతో చెప్పి వెళ్ళేది. నాంచారమ్మకు ఆ అంకెల మీద గురి లేకపోలేదు, కాని ఆమె అడిగేవి వేరు. కాళ్ళు ముడుస్తోందా? నోరు చప్పరిస్తోందా? జుట్టు ఏ రంగు? విజయకుమారి మొదట నవ్వేది. తరువాత నవ్వడం మాని, లోపలికి వెళ్ళి చూసి, వచ్చి చెప్పేది.

ఒక ఉదయం గిన్నెను అద్దం దగ్గర ఒక చేయి అందుకుంది. పాలు మళ్ళీ మొదలయ్యాయి. చుక్కలు పెరిగాయి. పొట్ట ఉబ్బలేదు. అంకె నిలబడింది. అంటు ఏదీ లేదని పరీక్షలు చెప్పాయి. శేషగిరిరావుగారు గదిలో నుంచి బయటికి వచ్చి, పెద్దనర్సు వింటూ ఉండగానే, చేతులు కడుక్కోమని నాంచారమ్మకు చెప్పారు.

ఈసారి ఆమె ఆలస్యం చేయలేదు. వాలుకుర్చీలో కూర్చోబెట్టి, రవిక ముడి వదులు చేయించి, విజయకుమారి బిడ్డను రెండు చేతులలో ఎత్తి తెచ్చి, తీగలు చిక్కుపడకుండా, తల్లి రొమ్ముల నడుమ బోర్లా పడుకోబెట్టింది. మీద మడతపెట్టిన గుడ్డ కప్పింది. బిళ్ళ, తీగ, కుంకుమరంగు వెలుగు అన్నీ ఆ గుడ్డ కిందికి వెళ్ళిపోయాయి. నాంచారమ్మ చేతులు గాలిలోనే ఆగిపోయాయి. ఊళ్ళో పిల్లలందరినీ తిప్పి తిప్పి కడిగిన ఆ చేతులకు ఈ బిడ్డ మీద ఎక్కడ దిగాలో తోచలేదు. విజయకుమారే వాటిని పట్టుకుని, ఒకటి బిడ్డ వీపు మీద, ఒకటి కాళ్ళ కింద ఉంచింది.

తరువాత నాంచారమ్మ తల కదల్చకుండా, చాలా చిన్న గొంతుతో అడిగింది.

“సిస్టరమ్మా, ఉందా? బరువు తెలవట్లా.”

“ఉంది. నువ్వు కదలకు.”

అంకె చూపిద్దామని విజయకుమారి యంత్రాన్ని కొంచెం ఆమెవైపు తిప్పబోయింది. నాంచారమ్మ కళ్ళు మూసుకుంది. మెడ కింద ఒకచోట, ఈక తగిలినంత వెచ్చగా, ఏదో వచ్చి పోతూ, మళ్ళీ వస్తూ ఉంది. అది బిడ్డ ఊపిరి అని ఆమెకు తెలియడానికి కొంతసేపు పట్టింది.

“ఇంకాసేపు ఉంచండమ్మా,” అంది, బిడ్డను తీసుకోవడానికి ఇంకా ఎవరూ చేయి చాపకముందే.